పడమటి గాలికి ఆరిన బానెట్టు

మీ ఇంట్లో ఒక పని చెడితే, మీ చూపు మొదట ఎటు తిరుగుతుంది? నిజం చెప్పండి. పని వైపా, మనిషి వైపా?

మొన్న ఆదివారం నెల్లూరులో మా ఇంటి ముందు, నా పాత కారు తలుపు ఊడదీసి రెండు ఇటుకల మీద పెట్టుకుని వాటర్ పేపరుతో తుప్పు రుద్దుతున్నాను. ఎదురింటాయన కాసేపు చూసి, "రంగేసే ముందు నిమ్మకాయ తిప్పేయండి సార్, జనం కళ్లు మంచివి కావు" అన్నారు. వయసులో ఉండగా ఇలాంటి మాట వింటే అరగంట ఉపన్యాసం ఇచ్చేవాణ్ని. ఇప్పుడు నవ్వి ఊరుకున్నాను. అలా ఊరుకోవడం నాకు నేర్పింది మా బావ.

మా అక్కను సముద్రం దగ్గరి ముత్తుకూరులో ఇచ్చాం. బావకు నల్లరంగు టాక్సీ ఒకటి ఉండేది. ఆ ఊరి ఉప్పుగాలికి ఇనుము నిలవదు. ఏడాదికోసారి ఏదో ఒక రేకు తుప్పు పట్టేది. బావ షెడ్డుకు పోకుండా పెరట్లోనే దాన్ని గీకి, లప్పం పెట్టి, రుద్ది, ఎవరి దగ్గరో అడిగి తెచ్చుకున్న స్ప్రే గన్నుతో రంగు కొట్టేవాడు. రంగులో కలిపే థిన్నరు వాసన రసంలోకి కూడా వస్తోందని అక్క సణిగేది. బావది ఒక పద్ధతి. రుద్దిన రేకు మీద పల్చటి బట్ట పరిచి, కళ్లు మూసుకుని అరచేత్తో తడిమేవాడు. "కన్నును ఎండ మోసం జేస్తాది బామ్మర్దీ, చేతిని జెయ్యలేదు" అనేవాడు.

ఒక ఏడు తుప్పు టాక్సీ బానెట్టుకు పట్టింది; నేనప్పుడు అక్కడే ఉన్నాను. మా పిన్ని కూడా ఆ ఏడు అక్క వాళ్లింట్లోనే ఉంటోంది. చిన్నాన్న పోయి ఆరు నెలలు. పిన్ని అంటే నాకు బియ్యం చెరిగే చప్పుడు గుర్తొస్తుంది. చేటలో రాయిని చూడకుండానే వేళ్లతో పట్టేసేది. అలాంటి మనిషి అప్పటికే ఎవరికీ ఎదురుపడకుండా గోడవారగా నడవడం నేర్చుకుంది.

బావ వాళ్లమ్మను నేను అత్త అనేవాణ్ని. పంచాంగం చూడనిదే ఆవిడ పచ్చడి జాడీ మూత కూడా తీయదు. బానెట్టుకు రంగు వేయడానికీ గడియ చూసింది: శుక్రవారం సాయంత్రం ఆరింటికి. పగలు కొడతానని బావ అంటే ఒప్పుకోలేదు.

ఆరింటికి సముద్రం వైపు నుంచి గాలి తిరిగింది. బావ రంగు కొడుతుండగా పిన్ని నీళ్ల బిందెతో పెరడు దాటింది. పది నిమిషాల్లో నల్లటి బానెట్టు మీద పాలు ఒలికినట్టు తెల్లటి మసక కమ్మింది.

"ఆమెను ఎదురు రాబాకమని ముందే చెప్పుంటే ఇంత జరిగేదా?" అంది అత్త, గొంతు తగ్గించకుండా. "ఇప్పుడు జూడు."

నేను రెచ్చిపోయాను. సభల్లో వాదించే అలవాటు కొద్దీ దిష్టినీ శకునాన్నీ చీల్చి చెండాడాను. ఆ ఊపులో "విధవ అయితే మాత్రం" అని ఎన్నిసార్లు అన్నానో, అదీ వీధి చివరికి వినపడేటట్టు. అత్త విసురుగా వంటింట్లోకి వెళ్లిపోయింది. గెలిచి లోపలికి వెళితే పిన్ని సంచిలో చీరలు సర్దుకుంటోంది.

"పొద్దన బస్సుకు కావలి పోతానురా. నా మూలాన ఈ ఇంట్లో మాటలొద్దు."

కావలిలో ఆమెకున్నది తోడికోడలి ఇల్లు. అక్కడా గోడవార నడకే.

బావ ఎవరితోనూ వాదించలేదు. పొద్దున సంచితో బయటికొచ్చిన పిన్నికి అడ్డం నిలబడి, "చిన్నత్తా, సాయంత్రం బస్సుకు పోదువులే. ఈ పూట నీతో పనుండాది" అన్నాడు. చెడిన రంగును అప్పటికే రుద్దేశాడు. పది గంటలకు ఎండ ముదిరి పొడి పడమటి గాలి మొదలవగానే పిన్నిని బానెట్టు ఎదురుగా నిలబెట్టాడు. "ఈడే ఉండు. తల దించబాక. రేకునే జూస్తా ఉండు."

రంగు కొట్టాడు. పిన్ని కొంగు నలుపుకుంటూ చూస్తోంది. అత్త గడప మీద నిలబడి పిన్నిని చూస్తోంది. పది నిమిషాలు గడిచాయి. ఇరవై గడిచాయి. బానెట్టు కడిగిన నేరేడు పండులా నల్లగా నిలిచింది.

బావ అక్కడితో ఆగలేదు. సాయంత్రం ఆరింటికి పిన్నిని గదిలో కూర్చోబెట్టి తలుపు వేయించాడు. అత్తను ఎదురుగా కూర్చోబెట్టుకుని పాత రేకు ముక్కకు అదే రంగు కొట్టాడు. అది తెల్లబారింది.

"అమా, ఇప్పుడు ఎదురుగా ఉండేది నువ్వే గదా?"

"నా కండ్లేమన్నా అట్టాంటియ్యా?" అంది అత్త, ఉలిక్కిపడి.

"ఎవురి కండ్లూ అట్టాంటియి గాదుమా. సముద్రపు గాల్లో తడుండాది. రంగు ఆరకముందే అది పట్టుకుంటాది. నువ్వు పెట్టిన గడియ అట్టాంటిది."

అత్త రేకును గోటితో గీకి చూసుకుంది. కావలి బస్సు వెళ్లిపోయింది. పిన్ని సంచి గదిలోనే ఉండిపోయింది.

నాలుగు రోజులకు పాలిష్ పెట్టే ముందు బావ బానెట్టు మీద బట్ట పరిచి పిన్నిని పిలిచాడు. ఆమె కళ్లు మూసుకుని తడుముతూ అంచు దగ్గర ఆగింది. "ఈడ రవ్వంత గరుకుండాది నాయనా." బావ తడిమాడు, నేనూ తడిమాను. మా చేతులకు ఏమీ తెలియలేదు. బావ అక్కడ వాటర్ పేపరు తిప్పితే సన్నటి ఇసుక రేణువు ఒకటి లేచొచ్చింది. అత్త వచ్చి పాలిష్ గుడ్డ పిన్ని చేతిలో పెట్టింది. "ముందు నువ్వు రుద్దు వదినా." క్షమించమని అడగలేదు. పిన్నీ ఎదురు చూడలేదు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఏ రేకు మెరిసినా మొదటి చెయ్యి పిన్నిదే.

ఆ టాక్సీ ఏనాడో పాత ఇనుముకు పోయింది. పిన్నీ లేదు, అత్తా లేదు. నా కారు తలుపుకు రంగేయడానికి నేనూ పడమటి గాలి కోసమే కాచుకున్నాను. కాలం ఇనుమును తనంతట తానే తినేస్తుంది గానీ, మనిషి మీద పడిన మాటను తినదు. దాన్ని మనమే రుద్ది తీయాలి. మీ ఇంట్లో గోడవారగా నడిచే మనిషి ఎవరో మీకు తెలుసు. ఉపన్యాసాలు తర్వాత. ఈరోజే, పట్టపగలు, ఆమెను పిలిచి మీ పనికి ఎదురుగా నిలబెట్టండి.