నర్సమ్మగారు అడిగిన గ్లాసుడు నీళ్ళు

"కోడలికి నీళ్ళిచ్చారా, పిన్నిగారూ?"

"ఇచ్చానండి, బిందెడు!"

పోయిన నెల మండపేట బస్టాండులో, మా ఊళ్ళో సర్కారు నర్సుగా చేసిన నర్సమ్మగారూ నేనూ అనుకున్న ఆఖరి మాటలివే. పాతికేళ్ళుగా కనబడ్డప్పుడల్లా ఆవిడది ఇదే ఎకసెక్కం. మొన్న ఆదివారం ఆవిడ పోయారని తెలిసిన దగ్గర్నుంచి మనసు అక్కడే తిరుగుతోంది. నాకు సంతకం తప్ప రాయడం రాదు, చెబుతుంటే నా కోడలు రాస్తోంది.

ఈ కోడలికి తల్లి లేదు, అందుకని తొలికానుపు మేమే చేశాం. ఆస్పత్రిలో ఆడపిల్ల పుట్టింది, రెండోనాడు ఇంటికి తెచ్చుకున్నాం. బాలింత నీళ్ళు తాగితే పొట్ట పెరుగుతుందనీ, బిడ్డకి జలుబు చేస్తుందనీ మా అత్తగారు చెప్పిందే పట్టుకుని, పూటకి రెండు గుక్కలిచ్చి, బిందె వంటింట్లో పెట్టి గొళ్ళెం వేసేదాన్ని. నా కానుపులో దాహానికి ఆగలేక, మొహం తుడిచిన తడిగుడ్డ నోట్లో పెట్టుకుని పీల్చిన సంగతి నేను మర్చిపోలేదండి. నేను పడ్డాను కదా, ఇదీ పడుతుందిలే అనుకున్నాను, అదీ నా బుద్ధి.

నాలుగోనాటికి దీనికి జ్వరం, పెదాలు పగిలిపోయాయి, పాలు పడలేదు, పసిగుడ్డు ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. అప్పటికి మా ఆయన ఉన్నారు, రైసుమిల్లుకి వెళుతూ నర్సమ్మగారికి చెప్పారు. ఆవిడ ఎండలో సైకిలు మీద వచ్చి, మంచం మీదే కూర్చుని, దీని చెయ్యి పట్టుకుని, నీకెలా ఉందమ్మా అని అడిగారు. అన్ని రోజుల్లో ఆ మాట మేమెవరం అడగలేదు. నన్ను పల్లెత్తు మాటనకుండా, ఎండన పడి వచ్చాను, కాసిని మంచినీళ్ళివ్వండి పిన్నిగారూ అన్నారు. ఇంటికొచ్చిన మనిషికి లేదనం కదా, గొళ్ళెం తీసి పెద్ద గ్లాసు నిండా ముంచి తెచ్చాను. ఆవిడ దాన్ని తిన్నగా నా కోడలి నోటికి అందించారు. అది తాగుతూ గ్లాసు మీంచి నావైపే చూసింది, లాక్కుంటానేమోనని. తరవాత ఆవిడే ఆటోలో పక్కన కూర్చుని ఆస్పత్రికి తీసుకెళ్ళి, జ్వరం తగ్గేదాకా రోజూ వచ్చి చూశారు. రెండ్రోజులకి పాలు పడ్డాయి.

ఆ పసిగుడ్డుకే ఈమధ్య రాజమండ్రిలో కానుపైంది. ఏసీ గది, స్కానింగులు, మంచం పక్కన నీళ్ళ సీసాలు. బాగానే చూశారు, కాదనను. కానీ వచ్చినవాళ్ళంతా కాగితం చూసి వెళ్ళారే గాని, మంచం మీద కూర్చుని ఎలా ఉందమ్మా అన్నవాళ్ళు లేరు. నేనే కూర్చుని అడిగాను. ఆ సంగతి నర్సమ్మగారికి చెబుదామనుకున్నాను, బస్సు వచ్చేసింది.

ఇన్నేళ్ళూ ఆ ఎకసెక్కానికి నవ్వానే గాని, తప్పయిందని దీనితో ఒక్కసారీ అనలేదు. ఏంటమ్మాయ్, ఆగిపోయావు? రాయి. తప్పు నాదేనని రాయి. రాశావా? ఏదీ, ఆ గ్లాసు దగ్గర్నుంచి ఒకసారి చదివి వినిపించు.