లారీ ఎత్తినవాడికి హంతకుడు దొరకలేదు

మాచవరం దగ్గర మా ఊళ్లో మిరపకాయల తొడిమలు తీసేచోట ఒక పద్ధతి ఉంది. సినిమా చూసొచ్చిన మనిషి కథ చెప్పాలి. చెప్పినంతసేపూ ఆమె వాటా కాయలు మిగతావాళ్లు తీసిపెడతారు. కథ చప్పబడిందా, గంప తిరిగి ఆమె ముందుకే. నేను చదివింది మూడో తరగతి. అయినా మొన్నటిదాకా నా గంప ఒక్కసారీ వెనక్కి రాలేదు.

మొన్నామధ్య మా అమ్మాయి నరసరావుపేటలో ఎగిరే మనిషి సినిమాకు తీసుకెళ్లింది. బస్సు వేళయిందని ఆఖరి ముక్క చూడకుండానే లేచొచ్చాం. ఆ సంగతి దాచి మర్నాడు మొదలుపెట్టాను.

"ముసుగేసుకొని మేడల మీద ఎగురుతాడే. ఒంటిచేత్తో లారీ ఎత్తుతాడు!"

"మావోడు తాగితే అంతకన్నా ఎగురుతాడు," అంది పక్కింటి వదిన. నవ్వులు, ఘాటుకు తుమ్ములు. గంప మెల్లగా నావైపు జరిగింది.

ఎగరడం వదిలేసి హత్య ఎత్తుకున్నాను. హీరోను పెంచిన పెద్దాయనను ఎవరో ఇంట్లోనే చంపారు. శవం పక్కన తాగిన కాఫీ గ్లాసులు రెండు.

చేతులన్నీ ఆగిపోయాయి.

"బయటోడికి గ్లాసిచ్చి కూర్చోబెడతారా? అయినోడే," అంది మాలో అందరికన్నా పెద్దదైన ముసలమ్మ. "శవం మీద పడి చానా ఏడ్చిందెవరే?"

"ఆ పెద్దాయన తమ్ముడు."

"వాడే!"

"సాక్షెవరు? పోలీసులు పట్టుకెళితే జామీను ఎవరిచ్చారు?" అని వదిన.

లారీ ఎత్తే బలముండీ, ఎవడు అబద్ధమాడుతున్నాడో తెలియక గుమ్మం గుమ్మం తిరుగుతుంటే ఆ హీరో మాకు మనూరోడే అయిపోయాడు.

"ఇంతకీ ఎవడే చంపింది?"

తమ్ముడే అనేద్దామని నోటిదాకా వచ్చింది. మనసొప్పలేదు. "చూళ్లేదే. బస్సుకని లేచొచ్చా."

"ఏమే! హంతకుణ్ణి వదిలేసి బస్సెక్కావా!" అని ముసలమ్మ గంప తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

ఆదివారం చర్చి అవగానే అయిదుగురం నరసరావుపేట బస్సెక్కాం. తెరమీద తమ్ముడికి బేడీలు పడగానే ముసలమ్మ లేచి, "నే చెప్పలా!" అని ముందు సీటాయన వీపు మీద ఒక్కటి చరిచింది.

సోమవారం, సినిమాకు రానివాళ్లకు కథ ఆవిడే చెప్పింది. ఆవిడ వాటా కాయలు నేను తీశాను, నవ్వలేక, తుమ్మలేక.