అద్దానికి అంటుకుపోయిన మొహం

నా బొమ్మల్లో మనుషులకు మొహాలు ఎందుకుండవని అడిగిన ప్రతివారికీ నేను అబద్ధమే చెప్పాను. ఇరవై ఏళ్ళు దాటింది. మొదట్లో ఆ అబద్ధం బరువుగా ఉండేది. తర్వాత అలవాటైంది. ఇప్పుడు అది బరువుగా ఉందో లేదో కూడా తెలియడం లేదు. భుజం మొద్దుబారిపోయాక మూట ఉన్నా లేనట్టే ఉంటుంది కదా, అలాగ. కానీ మూట మాత్రం దిగలేదు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనవసరం లేదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

నేను చిత్రకారుణ్ణి. నా బొమ్మలు మీరు చూసి ఉండకపోవచ్చు. చూసినవాళ్ళకు గుర్తుండేది ఒక్కటే. పెళ్ళిబట్టల్లో నిలబడ్డ జంటలు, వల భుజాన వేసుకున్న మగవాళ్ళు, తట్ట చంకన పెట్టుకున్న ఆడవాళ్ళు. బట్టల మడతలు, దండలో పువ్వులు, మెడ మీద చెమట, అన్నీ ఉంటాయి. మొహం ఉండాల్సిన చోట మాత్రం అంచులు చిరిగిన తెల్ల మరక ఉంటుంది. హైదరాబాదులో వాటికి మంచి పేరొచ్చింది. ఎందుకిలా వేస్తారని అడిగితే, మనిషి గుర్తింపును కాలం తుడిచేస్తుందనీ, నేను ఆ ఖాళీని గీస్తాననీ చెప్పేవాణ్ణి. ఇంకోచోట, మొహం అబద్ధం చెబుతుంది గానీ ఒళ్ళు చెప్పదన్నాను. దాన్ని ఎవరో పెద్ద అక్షరాల్లో అచ్చు వేశారు కూడా. ఇలాంటి మాటలు నాకు ఎన్నైనా వస్తాయి.

ఈ మధ్య ఒక ప్రదర్శన పెట్టేవాళ్ళు, బొమ్మల పక్కన గోడకు అంటించడానికి, నా పనికి ప్రేరణ ఏమిటో ఒక పేజీ రాసిమ్మన్నారు. కూర్చున్నాను. ఎప్పటి మాటలే వచ్చాయి. కొట్టేశాను. మళ్ళీ అవే వచ్చాయి. చివరికి కలం పక్కన పెట్టి కోడూరు వెళ్ళొచ్చాను. ఎందుకు వెళ్ళానో చెప్పాలంటే ముందు బందరు సంగతి చెప్పాలి.

అప్పట్లో బందరు బస్టాండు దగ్గర నాకు చిన్న కొట్టు ఉండేది. షాపుల బోర్డులు రాసేవాణ్ణి. ఎన్నికలొస్తే గోడలు రాసేవాణ్ణి. అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే పని మాత్రం చనిపోయినవాళ్ళ పటాలు. పెద్దకర్మ నాటికి దండ వేయడానికి ఇంట్లో పటం ఉండాలి. ఏ పెళ్ళి గుంపు ఫోటోలోంచో, కార్డు మీది గోరంత ఫోటోలోంచో చూసి పెద్దదిగా వేసిచ్చేవాణ్ణి. చొక్కా లేనివాళ్ళకు చొక్కా తొడిగేవాణ్ణి. రోగంతో చిక్కిపోయినవాళ్ళకు బుగ్గలు పూడ్చేవాణ్ణి. అందులో మోసమేమీ లేదు, ఇంట్లోవాళ్ళు అడిగేదే అది. కానీ నాకు ఆ కొట్టంటే చిరాకు. నేను ఎక్కడో ఉండాల్సినవాణ్ణనీ, ఖర్మకాలి ఇక్కడ కూర్చుని చచ్చినవాళ్ళకు మీసాలు దిద్దుతున్నాననీ అనుకునేవాణ్ణి.

ఒకరోజు ఒకామె వచ్చింది. చంకలో ఏడాది పిల్లాడు. కోడూరు అవతల, సముద్రం ఒడ్డు పల్లె. భర్త వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. శవం కూడా దొరకలేదు. నెలల తరబడి చూసి చూసి, ఇంక రాడని పెద్దలు తేల్చి, కర్మకు రోజు పెట్టారు. పటం కావాలి. ఓటరు కార్డు అతని జేబులోనే ఉండి అతనితోపాటే పోయింది. ఇంట్లో మిగిలింది ఒక్క పెళ్ళి ఫోటో. దాన్ని పాత చీర ముక్కలో చుట్టి తెచ్చింది.

విప్పి చూశాను. అంతకుముందు ఏడాది తుఫానుకు ఇంట్లోకి నీళ్ళొచ్చి ఫోటో నానిపోయిందట. ఆరాక అద్దం తీయబోతే కాగితం అద్దానికి అంటుకుపోయి, పెళ్ళికొడుకు మొహం ఉన్నంత మేరా ఊడి వచ్చేసిందట. ఆమె మొహం చెక్కుచెదరలేదు. పక్కన దండ, కొత్త చొక్కా, ఎడమవైపు కాస్త వాలిన భుజం. పైన, అంచులు చిరిగిన తెల్ల మరక.

మీకు అర్థమైపోయి ఉంటుంది. అయినా చివరిదాకా చెప్పనివ్వండి.

ఆమె చెబుతుంటే వేద్దామని పెన్సిలు తీసుకుని కూర్చున్నాను. ఎడమ కనుబొమ్మ మధ్యలో తెగి ఉంటుందంది. దవడలు వెడల్పు అంది. కళ్ళు చిన్నవి, ఎండలో నీళ్ళకేసి చూసీ చూసీ ఎప్పుడూ చిట్లించినట్టే ఉంటాయంది. నవ్వితే అసలు మూసుకుపోతాయని చెబుతూ ఆమె కూడా కొంచెం నవ్వింది. అంత బాధలోనూ నవ్వింది. నేను గీశాను. ఇలా కాదంది. చెరిపి మళ్ళీ గీశాను. పిల్లాడు ఏడుపు మొదలుపెట్టాడు. ఓపిగ్గా కూర్చుంటే సాయంత్రానికి ఆ మొహం దొరికేదేనని నాకు అప్పుడే తెలుసు. చేయి అటే వెళ్తోంది. కానీ ఒక చిత్రకళ పోటీకి పంపాల్సిన బొమ్మ ఇంటి దగ్గర సగంలో ఉంది. నా అసలు పని అదీ, ఇది కాదు. చొక్కా చూసి వేయాలి, ఫోటో ఉంచి వెళ్ళమ్మా, వచ్చే వారం రా అని పంపేశాను.

తర్వాత నేను ఆ మొహాన్ని వేయలేదు. కొట్టులో ఒక మూల తయారైన పటం ఒకటి పడి ఉంది. గుడ్లవల్లేరు వాళ్ళెవరో ఆర్డరిచ్చి, ఈలోగా గుడివాడలో ఫోటో పెద్దది చేయించుకుని, దీని కోసం రావడం మానేశారు. ఆ చనిపోయినతనికీ ఇంచుమించు అదే వయసు. అతని రంగు తగ్గించాను. మీసం ఒత్తు చేశాను. ఎడమ కనుబొమ్మ మధ్యలో గీత పెట్టాను. పెళ్ళి ఫోటో చూసి చొక్కా మార్చాను. ఒక పూట పని. కళ్ళ జోలికి వెళ్ళలేదు. పెద్ద కళ్ళు, మంచి కుదురుగా వచ్చినవి, వాటిని పాడుచేయబుద్ధి కాలేదు.

ఆమె వచ్చి పటం ముందు చాలాసేపు నిలబడింది.

"చొక్కా అదేనండీ," అంది. పటం మీదికి వంగి, "కళ్ళు మాత్రం ఆయనవి కావండీ," అంది.

"ఎందుకు కావమ్మా? నువ్వు చెప్పినట్టేగా వేశాను."

"ఇంతింత కళ్ళు కాదు బాబూ ఆయనవి..."

"చూడమ్మా, ఏడ్చి ఏడ్చి నీకు గుర్తు చెదిరింది. ఎన్ని నెలలైంది? బొమ్మలో కళ్ళు అలాగే పడతాయి. రోజూ చూస్తూ ఉండు, ఆయనే కనపడతాడు."

"అంతేనంటారా?"

"అంతేనమ్మా. ఎంతమందికి వేశాను నేను!"

ఆమె నావైపు చూసింది. మళ్ళీ పటంవైపు చూసింది.

"మీకు తెలిసినట్టు నాకేం తెలుసుద్దండీ బాబూ," అని పటాన్ని చీర ముక్కలో చుట్టుకుని వెళ్ళిపోయింది.

వెళ్ళేముందు పెళ్ళి ఫోటో అడిగింది. ఇంట్లో ఉండిపోయింది, తర్వాత వచ్చి తీసుకెళ్ళమన్నాను. అది నా బల్ల సొరుగులోనే ఉంది. కొన్ని నెలలకు మళ్ళీ వచ్చింది. పోయిందన్నాను. పోతే పోయిందిలెండి, మొహమే లేదుగా, పటం ఉందిగా అంది. కోపం కూడా తెచ్చుకోలేదు.

ఎందుకు ఇవ్వలేదు? ఆ ఫోటో విప్పిన క్షణం నుంచీ నేను దాని మీంచి చూపు తిప్పుకోలేకపోయాను కాబట్టి. ఏళ్ళ తరబడి ఏం వేయాలో తెలియక కొట్టుకుంటున్నవాడికి, వేయాల్సింది ఎదురుగా వచ్చి బల్ల మీద పడింది. ఆమె మొగుడు పోయాడు. నాకు బొమ్మ దొరికింది. పోటీకి సగం వేసినదాన్ని పక్కకు తోసేసి, ఆ ఫోటోను ఉన్నదున్నట్టు పెద్ద గుడ్డ మీదికి ఎక్కించాను. నేను చేసిన మార్పల్లా ఆమె మొహం కూడా తీసేయడమే. బహుమతి వచ్చింది. అక్కణ్ణుంచి వెనక్కి చూడలేదు. నా ప్రేరణ ఏమిటని అడుగుతారు కదా, అదీ నా ప్రేరణ.

చాలా ఏళ్ళు నేను దొంగతనమే నా తప్పని అనుకున్నాను. ఫోటో కాజేశాను, అంతే కదా. బొమ్మలు వేసేవాడు ఎక్కడో అక్కడ ఏదో ఒకటి ఎత్తుకురాకుండా ఉంటాడా? అలా అనుకుంటే పెద్దగా నొప్పి ఉండేది కాదు. పటం విషయం వచ్చేసరికి, కట్టుకున్నదానికి మొగుడి మొహం లోపల ఎక్కడో ఉండనే ఉంటుంది, గోడ మీది బొమ్మ దండ వేయడానికి మాత్రమే అని సర్దిచెప్పుకున్నాను. అలా ఉంటుందని నాకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. నాకు కావాల్సింది నేనే చెప్పుకున్నాను.

ఆ పేజీ రాయలేకపోయినప్పుడు ఫోటోను సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. ఇచ్చేద్దామనే వెళ్ళాను. అంతా చెప్పేద్దామనుకున్నానా? అదిప్పుడు గట్టిగా చెప్పలేను. పల్లెలో అడిగితే ఇల్లు చూపించారు. ఆమె గుమ్మంలో ఎండుచేపలు ఏరుతోంది. జుట్టు నెరిసింది. నేను ఆనవాలు చెప్పగానే లేచి నిలబడింది.

"బందరు బొమ్మల బాబుగారా! రండి, రండి. ఇంట్లోకి రండి."

లోపల గోడ మీద నా పటం ఉంది. చెమ్మకు కింద అంచు ఉబ్బింది. తాజా దండ, బొట్టు, పక్కన ఎర్ర బల్బు. గుడ్లవల్లేరు మనిషి పెద్ద కళ్ళతో నన్ను చూస్తున్నాడు. ఆమె దాన్ని పమిట చెంగుతో తుడిచింది.

"మీ చలవేనండీ. ఇదే లేకపోతే ఆయన మొహం ఎప్పుడో మర్చిపోదును. ఇప్పుడు కళ్ళు మూసుకున్నా ఇలాగే కనపడతాడు."

నేనేమన్నాను? తల ఊపాను.

ఇంతలో బండి ఆగింది. రొయ్యల చెరువు దగ్గర పనిచేసే కొడుకు అన్నానికి వచ్చాడు. తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి గుమ్మంలో దులుపుతున్నాడు. ఎడమ భుజం కాస్త వాలి ఉంది.

"వీడేనండీ, ఆయాల చంకలో ఉన్నోడు. వాళ్ళ నాన్న పోలిక ఒక్కటి రాలేదు వీడికి. చూడండి, ఆయనవి ఎంతేసి కళ్ళో!" అని పటం చూపించింది.

"ఎన్నిసార్లు చెప్తావే అమ్మా," అని వాడు నవ్వాడు. కళ్ళు మూసుకుపోయాయి.

ఎన్నో ఏళ్ళుగా నేను తెల్లగా వదిలేస్తున్న ఆ మరకలో ఉండాల్సిన మొహం అక్కడ గుమ్మంలో నిలబడి నవ్వుతోంది. నవ్వితే కళ్ళు మూసుకుపోతాయని చెప్పింది ఆమే. ఆ మాట ఆమెకు గుర్తులేదు. చెరిపేసినవాడికి మాత్రం గుర్తుంది. అతని అసలు మొహం గురించి ఈ భూమ్మీద మిగిలిన ఆ కాస్త సంగతీ నా దగ్గర ఉంది, ఆమె దగ్గర లేదు.

సంచి నా ఒళ్ళోనే ఉంది. తీసి ఇవ్వడానికి చేయి రాలేదు. అన్నం తినిగానీ వెళ్ళనివ్వనంది. ఆ పటం కిందే పీట వేసింది. తిన్నాను. చేపల పులుసు బాగుంది. ఉప్పు సరిగ్గా సరిపోయిందని కూడా అనుకున్నాను. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా నాకు నేనే ఎవరో బయటివాడిలా కనపడతాను. తిరుగు బస్సులో ఏడుపొస్తుందేమోనని చూశాను. రాలేదు.

చెప్పి ఉంటే ఏమయ్యేది? ఇన్నేళ్ళు పరాయి మగవాడికి దండ వేసి దణ్ణం పెట్టానని తెలిసి ఆమె ఏమైపోయేది? చెప్పకపోతే ఏమవుతోంది? రోజూ ఎదురుగా కూర్చుని అన్నం తింటున్న మొహాన్ని ఆమె చూడలేకపోతోంది. తండ్రి పోలిక లేని కొడుకునని ఆ పిల్లాడు నవ్వుతూ ఒప్పుకుంటున్నాడు. ఈ రెండింటిలో ఏది ఎక్కువ అన్యాయం? నాకు తెలియదు. ఆమె మనసు నొప్పించడం ఇష్టంలేక చెప్పలేదని రాయొచ్చు, చక్కగా ఉంటుంది, నాకు అలాంటి మాటలు వచ్చని ముందే చెప్పాను. నిజం ఏమిటంటే భయపడ్డాను. ఆమె నన్ను బాబుగారూ అంటోంది. అది పోతుందని భయపడ్డాను.

ప్రదర్శన వాళ్ళకు పాత మాటలే పంపించాను. కాలం, గుర్తింపు, ఖాళీ. బాగుందని జవాబిచ్చారు. ఫోటో మళ్ళీ సొరుగులోకి వెళ్ళింది. ఆమెకు చదువు రాదు కాబట్టి ఇది ఆమెకు చేరదు. చేరదని తెలిసే రాస్తున్నానా? అయ్యుండొచ్చు. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అడిగినా, క్షమించాల్సినవాళ్ళు మీరు కాదు. ఇంతకాలానికి ఒక్కచోట నిజం రాసి ఉంది, అంతే. చేయి కొంచెం తేలికగా ఉంది.

ఆ రోజు ఆమె నన్ను, అంతేనంటారా అని అడిగింది. దానికి జవాబు ఇక్కడ రాస్తున్నాను. కాదమ్మా. నువ్వన్నదే నిజం. ఆ కళ్ళు ఆయనవి కావు. ఆయనవి చిన్న కళ్ళు. నవ్వితే మూసుకుపోతాయి.