దోణిమలైలో తెల్ల ఉన్ని

మా అమ్మాయి కాపురం దోణిమలైలో, ఇనుప గనుల పక్కన. మనవరాలికి పేరు పెట్టే రోజుకు రెండు రంగుల టోపీ నా చేతులతో అల్లి పెడతానని అందరికీ ముందే చెప్పి అక్కడికి వెళ్లాను. రెండు రంగుల ఉన్నితో పూలు అల్లే పద్ధతి మా ఊరి గ్రంథాలయంలో చదివినదే. చేతికి అలవాటు కావాలని టౌన్‌షిప్‌లో అల్లికలు నేర్పే గంగమ్మ తరగతిలో చేరాను. మగవాణ్ణి నేనొక్కణ్ణే.

ఇటుక రంగు మీద తెల్ల పూలు వేస్తానని ఉన్ని బయటకు తీశాను. కొత్తవాళ్లు ఎవరొచ్చినా, గంగమ్మ ముందుగా వాళ్ల ఉన్నిని ఒకరోజు కిటికీకి కట్టిస్తుందట.

"కిటికీకి కట్టు అప్పా. రేపు ఏ రంగు ఉంటాదో చూసి అల్లుదువులే."

"రెండు రంగుల మధ్య ఎంత తేడా ఉంటే పువ్వు అంత బాగా కనిపిస్తుందమ్మా. పుస్తకాల్లో ఉంది."

"ఆ పుస్తకం రాసినాయప్ప ఎప్పుడన్నా గని పక్కన గుడ్డలు ఆరేసిండాడా?"

ఆడవాళ్లందరూ నవ్వారు. నేను కట్టలేదు. నాలుగు రోజుల్లో టోపీ పూర్తయింది, పూలు నిజంగానే బాగా వచ్చాయి. వేడుక ముందు రోజు దాన్ని ఉతికి వాకిట్లో ఆరేశాను. ఇనుప రాయి లారీలు రోజంతా తిరిగే దారి అది. సాయంత్రానికి తడి ఉన్నికి ఎర్ర దుమ్ము పట్టేసింది. ఇంకో రెండుసార్లు ఉతికినా తెలుపు తిరిగి రాలేదు.

మర్నాడు పాప తల మీద టోపీ చూసి వియ్యపురాలు మెచ్చుకుంది. "ఒకటే రంగు. ఎంత నీటుగా ఉండాదో."

నేను నోరు తెరిచేలోపే, వేడుకకు వచ్చి పక్కన కూర్చున్న గంగమ్మ అందుకుంది.

"ఒకటే రంగు అల్లేది శానా కష్టమమ్మా. ఈయప్ప పుస్తకాలు చదివి నేర్చుకున్నాడు."