మట్టెలు తీసి రాసిన మలాం

నా భార్య కాళ్ల మంట మొదట మా ఇంట్లో ఎవరికీ జబ్బులా కనిపించలేదు. చెరకుకు నీళ్లు కట్టిన రోజున పని ముగించి అందరం గట్టెక్కినా, ఆమె మాత్రం కాలువలో పాదాలు పెట్టుకుని కూర్చునేది. పిలిస్తే వస్తున్నాననేది, వచ్చేది కాదు. నీళ్లలో ఆడుకునే వయసా అని నేను ఎగతాళి చేశాను. నిజాంసాగర్ నీళ్లు కొత్తగా పారుతున్న కాలం అది. బోధన్ చుట్టుపక్కల జొన్నచేలన్నీ చెరకుతోటలవుతున్నాయి. మేమూ తోట పక్కనే బెల్లం గానుగ పెట్టుకున్నాం. ఆ హడావుడిలో ఆమెను పట్టించుకునే తీరిక దొరకలేదని చాలాకాలం చెప్పుకున్నాను. తీరిక ఉన్నది. మనసే లేదు.

తర్వాత మంట చేతులకు పాకింది. మిరపకాయలు దంచిన చేతుల్లా మండుతున్నాయనేది. మధ్యలో తిమ్మిరెక్కి, రొట్టె తిప్పుతూ వేళ్లు పెనానికి తగిలినా ఆమెకు తెలిసేది కాదు. తోలు కమిలిన వాసన వస్తే అవ్వ లేచి ఆమె చెయ్యి లాగేది. మా అమ్మను నేను అవ్వ అనే పిలిచేవాణ్ణి. అవ్వ నోరు గట్టిదని ఊరంతా అనుకునేవారు. కోడలిని పొద్దున ఒకసారి, మాపున ఒకసారి ఏదో ఒకటి అనకపోతే ఆమెకు తోచేది కాదు. కానీ కోడలిని నిజామాబాద్ హకీం దగ్గరికి తీసుకుపొమ్మని నన్ను పోరింది కూడా అవ్వే. నేను రేపు మాపు అంటుంటే ఒకనాడు తానే బండి కట్టించింది.

హకీం ముసలాయన. నా భార్య కళ్లను కొంగుతో కప్పించి, పాదాలను ఒక పుల్లతో అక్కడక్కడ గుచ్చి, ఎక్కడ తెలుస్తున్నదో ఎక్కడ తెలియడం లేదో అడిగాడు. రోగం నరాల్లో ఉన్నదని, దాన్ని వేరుతో సహా పెరికే మందు తన దగ్గర లేదని, మంటను మాత్రం అణచవచ్చని చెప్పాడు. ఎండుమిరపకాయలను నువ్వుల నూనెలో కాచి, తేనెమైనం, కర్పూరం కలిపి చేసిన ఎర్రటి మలాం ఒక డబ్బీలో పెట్టి ఇచ్చాడు. చేతులు పగిలి ఉన్నాయి గనుక చేతులకు వద్దన్నాడు, వాటికి ఉత్త కర్పూరతైలం ఇచ్చాడు. కాళ్లను చల్లని నీళ్లతో కడిగి, తడి ఆరాక రోజూ మలాం పట్టాలి.

"ముందుగాల ఇంకింత మండుతది, మండనియ్యి. మండిందని ఆపితే మళ్ల మొదటికొస్తది," అన్నాడు హకీం. "వేళ్ల సందులకు పోవాలె. మట్టెలు తియ్యాలె."

నా భార్య పాదాలు వెనక్కి లాక్కున్నది. "మట్టెలు తియ్య," అన్నది.

"తీసి మళ్ల పెట్టుకో బిడ్డా. నీ మొగడు యాడికి పోతడు, ముంగటనే కూసున్నడు గద."

ఆమె నవ్వలేదు. దారి పొడుగునా డబ్బీని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది.

ఇంటికి వచ్చాక చిక్కు తెలిసింది. తన చేతులతో తాను రాసుకుంటే మలాం వేళ్ల పగుళ్లలోకి పోయి ఏడుపొస్తున్నది. ఇంకొకరు రాయాలి. అత్త కోడలి కాళ్లు పట్టే ఆచారం లేదు. మొగుడు పెళ్లాం కాళ్లు పట్టడం అంతకన్నా లేదు. పెండ్లినాడు మట్టెలు తొడిగేటప్పుడు ముట్టుకున్నదే, ఆ తర్వాత మా వాడలో ఏ మగవాడూ భార్య పాదం ముట్టిన మాట నేను వినలేదు.

అవ్వ వాకిట్లో కూర్చుని పసుపుకొమ్ములు ఏరుతున్నది. ఏం చేయమంటావని అడిగాను. వద్దంటుందని నాకు గట్టి నమ్మకం. వద్దంటే బాగుండునని లోపల ఆశ కూడా. ఆమె తలెత్తలేదు.

"తలుపు దగ్గరికేసి పట్టు కొడుకా. ఎవలు సూస్తరు? మట్టెలు మాత్రం నువ్వే తియ్యి, నువ్వే తొడుగు. దాన్ని ముట్టనియ్యకు. తొడిగినోడు తీసి తొడిగితె తప్పు లేదు."

ఆ సాయంత్రం తలుపు వేసి, భార్య ముందు కూర్చుని, మట్టెలు నేనే తీస్తాను, నేనే తొడుగుతాను, తొడిగినవాడు తీస్తే తప్పులేదన్నాను. ఆమె నా ముఖం చూసింది. అలా ఆమె నన్ను చూడటం పెండ్లయిన తర్వాత నాకు గుర్తులేదు. ఆ మాట అవ్వదని చెప్పవలసింది. చెప్పలేదు. నా మనసులోంచి పుట్టిన మాటగానే ఉండనిచ్చాను.

మొదటి రోజు ఆమె పండ్లు బిగబట్టి కొంగు నోట్లో కుక్కుకున్నది. పని అయ్యాక నేను చెయ్యి కడుక్కోవడం మరిచి కన్ను నలుపుకున్నాను. కన్ను పోయినంత పని అయింది. గంతులు వేస్తుంటే ఆమె నీళ్లు తెచ్చి కళ్లలో చల్లుతూ నవ్వింది. తన మంట మరిచి నవ్వింది. అప్పటి నుంచి పట్టడం అయిపోగానే ఆమె ఒకటే మాట అనేది: "చెయ్యి కడుక్కో. కండ్లల్ల పెట్టుకునేవు."

హకీం చెప్పినట్టే ముందు మంట పెరిగింది. కొన్నాళ్లకు కొంచెం తగ్గింది. పాదాల మీద బట్ట పడితే ఓర్వలేని మనిషి, ఒకనాడు గొంగడి కాళ్ల మీదికి తానే లాక్కున్నది. గొంగడి అంచును చేత్తో సర్దుతూ ఉండిపోయింది.

ఆ మరునాడో, ఆ తర్వాతో, మా గానుగలో చెరకు పెట్టే మనిషి ఎడ్ల సంగతి అడగడానికి వచ్చి తలుపు తోశాడు. నా తొడ మీద నా భార్య పాదం, నా చేతిలో మట్టె ఉన్నాయి. అతను వెనక్కి తిరిగిపోయాడు.

తెల్లారి గానుగ దగ్గర పొయ్యి మీద పాకం ఉడుకుతుంటే అందరూ చుట్టూ చేరి ఉన్నారు. అతను రసం ముంత నాకు అందించాడు.

"తాగన్నా. కాళ్లు పట్టి పట్టి అలసినవు. మళ్ల మట్టెలు తొడుగుతున్నవట, పెండ్లిభోజనం ఎప్పుడు?"

పాకం కలుపుతున్నవాడు గరిట ఆపి మరీ నవ్వాడు. ఇంకొకడు, మా వదినెకు పారాణి కూడా నువ్వే పెడతావా అన్నాడు. వాళ్లు చెడ్డవాళ్లు కారు. రోగమని ఒక్క మాట చెబితే నోరు మూసుకునేవారు. నేను వాళ్లతో కలిసి నవ్వాను. "దాని కాళ్లు నేను పట్టుడేంది? ముల్లు తీసిన," అన్నాను.

ఆ సాయంత్రం భార్య కాళ్లు కడుక్కుని చాప మీద కూర్చుని ఉన్నది. డబ్బీ పక్కన పెట్టుకున్నది. నేను గడపలోనే నిలబడ్డాను.

"అవ్వ వద్దంటున్నది," అన్నాను. "మగోడు ఆడిదాని కాళ్లు ముట్టుడేంది అంటున్నది. నేనేం జెయ్య?"

ఎందుకు ఆ పేరే నోటికి వచ్చిందో తర్వాత చాలాసార్లు ఆలోచించాను. అవ్వ నోరు అలాంటిది గనుక ఎవరైనా నమ్ముతారు. అంత సులువైన అబద్ధం ఇంకొకటి దొరకదు. నా భార్య డబ్బీ మూత పెట్టి గూట్లో ఒక మూలకు తోసింది. తానే రాసుకోవాలని రెండు మూడు సార్లు చూసి, చేతులు ఓర్చుకోలేక మానుకున్నది. మంట మొదటికి వచ్చింది. ఆమె మళ్లీ కాలువలో కూర్చోవడం మొదలుపెట్టింది.

ఆ రోజు నుంచి అత్తాకోడళ్ల మధ్య మాట సన్నగిల్లింది. అవ్వ ఏదైనా అంటే ఇదివరకు నా భార్య ఎదురు చెప్పేది, కయ్యం పెట్టుకునేది, సాయంత్రానికి కలిసి తినేవారు. ఇప్పుడు ఎదురు చెప్పడం కూడా మానేసింది. అన్నం పెట్టేది, నీళ్లు తోడేది, అంతే. అవ్వకు అది అర్థం కాలేదు. ఒకసారి నన్నే పట్టుకుని, "దీనికి నేనేం జేసిన కొడుకా?" అని అడిగింది. నొప్పులు ఉన్న మనిషి అలాగే ఉంటుందవ్వా అని చెప్పి బయటికి నడిచాను.

ఏండ్లు గడిచాయి. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టం లేచింది. చెరకు బండ్లన్నీ అటు మళ్లాయి, మా గానుగ మూలకు పడింది. ఎవరి నవ్వుకు జడిసి నేను చెయ్యి వెనక్కి తీసుకున్నానో, వాళ్లు తలా ఒక దిక్కు పనికి పోయారు. ఎదురుపడితే వాళ్లకు ఆ మట్టెల మాట జ్ఞాపకం కూడా ఉండేది కాదు.

ఒక చలికాలంలో అవ్వ మంచం పట్టింది. చేసిందంతా నా భార్యే. ఒక మధ్యాహ్నం జావ తాగిస్తుంటే, గోడ పట్టుకుని నడిచి వచ్చిన కోడలి కాళ్ల వైపు చూసి అవ్వ అడిగింది. నేను అక్కడే ఉన్నాను.

"ఇంకా గట్లనే నడుస్తున్నవేంది బిడ్డా? వీడు మలాం పడుతలేడా? పట్టుమని నేనే చెప్పిన గద."

నా భార్య చేతిలో గిన్నె వంగి జావ అవ్వ మెడ మీదికి జారింది. ఆమె నా వైపు చూడలేదు. కొంగుతో అవ్వ మెడ తుడిచింది. తుడిచిన చోటనే మళ్లీ మళ్లీ తుడిచింది. "పడుతున్నడు అవ్వా," అన్నది.

ఆమె అవ్వను అలా పిలవడం అదే మొదటిసారి. అంతకుముందు అత్త అనేది. ఆ తర్వాత అవ్వ ఎక్కువ రోజులు బతకలేదు. ఉన్నన్ని రోజులూ నా భార్య ఆమె మంచం కోడు పక్కనే కూర్చున్నది. తాను మాట్లాడకుండా గడిపిన ఏండ్ల గురించి ఆమెతో ఏమైనా చెప్పుకున్నదేమో నేను వినలేదు. నాతో మాత్రం ఆ సంగతి ఎత్తలేదు. తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది.

కర్మకాండ అయ్యాక నేను నిజామాబాద్ పోయి మలాం తెచ్చాను. చెప్పకుండా చెంబుతో నీళ్లు తెచ్చి ఆమె ముందు కూర్చున్నాను. ఆమె ఒడిలో చాట పెట్టుకుని పప్పు ఏరుతున్నది. వద్దనలేదు. కాళ్లు కడిగాను, తుడిచాను, మట్టెలు తీసి నా పక్కన పెట్టుకున్నాను. కాసేపటికి ఆమె చాటలోంచి తలెత్తకుండా, "తీస్తవా మట్టెలు?" అని అడిగింది. తీశానని చెప్పాను. చూసుకుని, మళ్లీ పప్పులోకి వంగింది.

మలాం రాశాను. వేళ్ల సందుల్లో, మడమల్లో, హకీం చెప్పినట్టే. నా వేళ్లు మండుతున్నాయి. ఆమె పండ్లు బిగబడుతుందని చూశాను. మండుతుందా అని అడిగాను.

"లేదు. మండుడు పోయి చానా దినాలైంది. ఏం తెలుస్తలేదు."

నేను మట్టెలు ఒకటొకటిగా తొడిగాను. ఇక దాచడానికి ఏమీ మిగలలేదనిపించింది. తొడిగినవాడే తీసి తొడగాలన్న ఆ మాట కూడా నాది కాదని, అవ్వ చెప్పిందని అప్పుడు చెప్పాను.

ఆమె చేతులు చాటలో ఆగాయి.

"గది గూడ అవ్వ మాటనేనా?"

అవునన్నాను. ఆమె చాట పక్కకు పెట్టి, చీర అంచు దించి పాదాలు కప్పుకున్నది. ఆ తర్వాత, అలవాటుగా వచ్చిన మాటలా అన్నది: "చెయ్యి కడుక్కో. కండ్లల్ల పెట్టుకునేవు."

నవ్వలేదు. నేను లేచి కడుక్కున్నాను. ఎంత కడిగినా వేళ్ల మంట పోలేదు.