ముందు ఇరుక్కో, తర్వాత కొను అన్న ఖలీల్ భాయ్

శనివారం. ఎండ బాగనే ఉంది, గాలి లేదు. పొద్దున లేచి పికప్ అద్దాలకు పట్టిన దుమ్ము తుడిచిన.

రోజూ ఇట్లాంటివి డైరీలో రాసుకుంట. ఫేస్‌బుక్‌లో రాసే అలవాటు లేదు. ఇయ్యాల డైరీ సరిపోలేదు.

నిన్న పొద్దున పదింటికి సలీం ఫోన్ చేసిండు. ఖలీల్ భాయ్ తమ్ముడు.

"అన్నా, భాయ్ ఇక లేడు."

ఎట్లయిందని అడిగిన.

తోటలో మేకలకు నీళ్ళు పెట్టి వచ్చి మంచం మీద కూర్చున్నడట. హార్ట్ ఎటాక్. అంతే.

ఇక్కడ ఖతర్‌లో ఉన్న మనలో చాలామందికి ఆయన తెలుసు. కోరుట్ల మనిషి, దోహా పక్కన ఉమ్ సలాల్‌లో ఒక తోటకు డ్రైవర్. ఎవరి బండి ఇసుకలో ఇరుక్కున్నా, తన ఛుట్టీ రోజు పోయి గుంజి పెట్టేటోడు. తెలియనోళ్ళ కోసం ఒక్క సంగతి రాస్త.

మా కంపెనీ జనరేటర్లు, పంపులు రిపేర్ చేస్తది. నాకు వర్క్‌షాప్‌లో కూర్చునుడు కన్నా ఎడారిలో ఒంటెల షెడ్లకు పోయి పని చేసుడే ఇష్టం. మొదటిసారి నా చేతికి ఫోర్ వీల్ పికప్ ఇచ్చినప్పుడు ముదీర్, అంటే మా మేనేజర్, ఒకటే మాట చెప్పిండు.

"బండికి రెండు సామాన్లు పెట్టించుకో, కంపెనీ ఇస్తది. కానీ ఒక్కసారి ఇరుక్కుని ఫోన్ చేసినవనుకో, తాళం వేరేటోనికి. నువ్వు మళ్ళ వర్క్‌షాప్‌కు."

రెండే.

పది రోజులు వీడియోలు చూసి లిస్ట్ రాసిన. దోహాలో నజ్మా దిక్కు హోటల్‌ల పరాటా తినుకుంట ఖలీల్ భాయ్ అది చదివిండు.

"పైన లైట్ల బార్. ఒంటె పెండ్లికి పోతున్నవా?"

"ముందర స్టీల్ బంపర్. ఎవల్ని గుద్దుదామని మియా?"

"ఇదేంది, స్నార్కెల్?"

"లోతు నీళ్ళల్ల ఇంజన్‌కు గాలి అందిస్తది భాయ్."

పరాటా ముక్క చేతిలోనే ఆగిపోయింది. హోటల్ మొత్తం తిరిగి చూసేటట్టు నవ్విండు.

"ఖతర్ ఎడారిల నీకు లోతు నీళ్ళు ఎక్కడ దొరికినయ్?"

లిస్ట్ మడిచి నా జేబులో పెట్టిండు.

"ముందు ఇరుక్కో, తర్వాత కొను. శుక్రవారం ఖాళీ బండితోని రా. ఇసుకల నీ నోట్లకెళ్ళి ఏ సామాను పేరు ముందొస్తదో, అదే ఫస్ట్."

సీలైన్ బీచ్ అవతల ఇసుక దిబ్బలకు పోయినం. టైర్లలో రోడ్డు మీద ఉండే గాలి అట్లనే ఉంది. దిబ్బ ఎక్కమన్నడు. సగం కూడా ఎక్కలేదు, వెనక చక్రాలు ఇరుసు దాకా దిగినయ్.

ఆయన తన బండి గట్టి నేల మీద ఆపి, పండ్ల డబ్బా బోర్లేసుకుని కూర్చున్నడు. ఫ్లాస్క్‌లో నుంచి సులేమానీ చాయ్ పోసుకున్నడు.

నేను టిఫిన్ డబ్బా మూతతోని ఇసుక తోడిన. తోడిన కొద్దీ మళ్ళ జారుతనే ఉంది.

"భాయ్, పార!" అని అరిచిన.

"హా, ఒకటి" అన్నడు. మళ్ళ చాయ్.

తాళం చెవి కొసతో టైర్ల గాలి తీయబోయిన. ఎంత తీయాల్నో తెలుస్తలేదు. "గాలి చూసే మీటర్ ఉందా భాయ్?"

"లైట్లేసి చూడు, కనబడ్తదేమో!"

మిట్ట మధ్యాహ్నం ఎండలో.

ఇక నాతోని కాక, ఆయన బండిలో ఉన్న బెల్ట్ తెచ్చి నా బంపర్‌కు కట్టిన. అప్పుడు మాత్రం గ్లాస్ కింద పెట్టి లేచిండు. నవ్వలేదు.

"నక్కో, వద్దు! బంపర్ ఊడొచ్చి మొహానికి తగిలితే మనిషి బతకడు. హుక్ ఛాసిస్‌కు, కింది ఇనుప చట్రానికి, బోల్ట్ చేసి ఉండాలె. అది లేకుంటే ఎవ్వనితోని గుంజించుకోకు. నాతోని కూడా."

బండి కింద పడుకుని వెతికిండు. నా పికప్‌కు హుక్ లేదు.

తన పార తెచ్చి నాతోపాటు తవ్విండు. మీటర్ పెట్టి గాలి పదిహేను పాయింట్లకు దించిండు. "ఇప్పుడు రివర్స్, నిమ్మళంగ." బండి మర్యాదగా వెనక్కి వచ్చింది.

గట్టి నేల మీదికి వచ్చినంక, చప్పబడ్డ టైర్లను చూపించి అడిగిండు. "ఇట్లనే దోహా దాక పోతవా?"

అట్ల తేలినయ్ ఆ రెండు సామాన్లు. టైర్లకు మళ్ళ గాలి కొట్టే కంప్రెసర్, మీటర్‌తోని. ముందర వెనక ఛాసిస్ హుక్కులు, బెల్ట్‌తో సహా. పార మాత్రం తనదే తీసి నా బండి వెనక పడేసిండు.

"మరి లైట్ల బార్?" అని మెల్లగ అడిగిన.

"పెండ్లి కుదరనీ, కిరాయికి తెద్దాం."

రెండు వారాలకే ఒక ఒంటెల షెడ్‌లో పంప్ ఆగింది. పోతుంటే దారిలో వేరే కంపెనీ పికప్. పైన లైట్ల బార్, ముందర స్టీల్ బంపర్, అచ్చం నా లిస్ట్ లెక్కనే. కడుపు దాకా ఇసుకలో ఉంది.

దాని ఛాసిస్‌కు హుక్ ఉందో లేదో ముందు చూసిన. ఉంది. గుంజి బయట పెట్టిన. పంప్ చాలు చేసి, పొద్దుగూకక ముందే దోహా చేరిన.

ఖలీల్ భాయ్‌కి ఫోన్ చేసి మొత్తం చెప్పిన. అంతా విన్నడు.

"లైట్లు బాగున్నయా?" అన్నడు.

నా పికప్ తాళం ఇప్పటికీ నా దగ్గరనే ఉంది. ఒక్క రోజు కూడా మళ్ళ వర్క్‌షాప్‌లో కూర్చోలేదు. ఆయనకు షుక్రియా అని ఎన్నడూ చెప్పలేదు. చెప్తే దానికి కూడా నవ్వుతడని.

ఇయ్యాల మధ్యాహ్నం జొహర్ నమాజ్ తర్వాత మట్టి. ఇంటోళ్ళు ఒప్పుకున్నరు, ఊరికి పంపకుండ ఇక్కడనే.

పోయిరా ఖలీల్ భాయ్. అల్లా నిన్ను చల్లగ చూడాలె. అక్కడ కూడా నిన్ను నవ్వించేటోళ్ళు దొరకాలె.

రావాలనుకునేటోళ్ళు పదకొండింటికల్లా నజ్మాకు రండి. నా పికప్‌లో నలుగురికి జాగ ఉంది. నేను ముందుగాల డీజిల్ పోయించుకుని వస్త.