గుమ్మం పక్క బల్ల, పైన అద్దం

బందరులో మేం కొత్తగా మారిన ఫ్లాట్‌లో తలుపు తీయగానే ఇరుకు నడవా. చెప్పులు, తాళాలు, హెల్మెట్ అన్నీ నేల మీదే. అక్కడొక బల్ల వేయాలని పట్టుబట్టాను. అసలు కారణం వేరు. ఆ వంకన మా అక్కని వంటింట్లోంచి బయటికి లాగాలని.

బావ బంటుమిల్లి దగ్గర రొయ్యల చెరువు మీద కరెంటు షాక్ కొట్టి పోయాడు. దివిసీమలో అత్తవారు ఉండమని ఒక్క మాట అనలేదు. మా ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ, ఎవరు బయల్దేరుతున్నా అక్క వంటింటి తలుపు దగ్గరగా వేసుకునేది. తను ఎదురొస్తే మంచిది కాదట. "మాకలాంటి పట్టింపుల్లేవు వదినగారూ" అని మా ఆయన ఎన్నిసార్లన్నా నవ్వి ఊరుకునేది. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండేది. ఈ శకునాలు కనిపెట్టినవాళ్లు దొరికితే నిలబెట్టి కడిగేసేదాన్ని.

బలవంతాన గుడివాడ తీసుకెళ్లాను. షాపతను గాజుపలక, ఇనప కాళ్ల బల్ల చూపించాడు.

"బందరు గాలికి ఇనుము ఆగుతుందా అండీ? తుప్పు పట్టి ఊరుకుంటుంది" అంది అక్క.

తన గొంతు అంత గట్టిగా విని చాలా కాలమైంది. ప్లైవుడ్డుదీ వద్దంది, వానలకి ఉబ్బుతుందని. చివరికి పాత టేకుతో చేసిన సన్నటి బల్ల ఎంచింది. తలుపుకి తగలకుండా పడుతుందో లేదో జానతో కొలిచి మరీ చూసింది.

దాని మీద పెడన కలంకారీ గుడ్డ ఇస్త్రీ చేసి పరిచింది. తాళాలకి ఇత్తడి పళ్లెం, సీసాలో మనీప్లాంట్. పైన గోడకి గుండ్రటి అద్దం నేను తగిలించాను, బయటికెళ్లే ముందు మొహం చూసుకోవచ్చని. ఆ కాస్త అందానికే అక్క తేరుకున్నట్టు కనిపించింది. గుడ్లవల్లేరులో ఒక లేడీస్ హాస్టల్‌కి వార్డెన్ కావాలని తెలిస్తే, "నే వెళ్తానే" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇంటర్వ్యూ రోజు లేత నీలం చీర కట్టుకుంది. శకునాల్ని తిట్టే నేనే పెద్ద బొట్టు పెట్టుకుని, తనకి ఎదురు రావడానికి మెట్ల దగ్గర నిలబడ్డాను. అక్క చెప్పులేసుకుని, తాళంచెవి కోసం పళ్లెంలో చెయ్యి పెట్టి తలెత్తింది. అద్దంలో తన మొహం, బొట్టు లేని నుదురు.

తీసిన తాళంచెవి మళ్లీ పళ్లెంలో పెట్టేసింది. తర్వాత చెప్పులు విప్పి, లోపలికెళ్లి కుర్చీలో కూర్చుంది. "కాసిని మంచినీళ్లివ్వవే" అంది.

ఎదురు బాగా రాకపోతే వెనక్కొచ్చి కూర్చుని, నీళ్లు తాగి మళ్లీ బయల్దేరడం మా వైపు అందరూ చేసేదే. తనకి తనే ఎదురొచ్చానని వెనక్కి తిరిగినవాళ్లని మాత్రం నేనెప్పుడూ చూడలేదు.

నీళ్లు తాగి మళ్లీ గుమ్మం దాకా వెళ్లింది. అద్దం వైపు చూడకుండా ఉండలేకపోయింది. తిరిగొచ్చేసింది.

నాకు ఏడుపూ కోపమూ కలిసి తన్నుకొచ్చాయి. అద్దం పీకి మంచం కిందికి తోసేశాను. "ఇప్పుడెళ్లు! ఇంకా బస్సుంది!" అని అరిచాను.

"దాన్నెందుకు తీశావే" అంది అక్క, చీర పిన్ను విప్పుకుంటూ. "ఎక్కడికెళ్లినా మొహం నాతోనే వస్తుందిగా."